మూడు నిమిషాల సంగీతం

మనిషి కంఠధ్వని గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోతుంది. శిల్పి చెక్కిన బొమ్మ రాతిలో నిలుస్తుంది, కవి చెప్పిన పద్యం తాటాకుమీద నిలుస్తుంది. గాయకుని పాట మాత్రం విన్నవారి జ్ఞాపకంలో తప్ప మరెక్కడా నిలిచేది కాదు. పందొమ్మిదవ శతాబ్దం చివరి పాతిక సంవత్సరాలలో ఈ స్థితి మారినది. ధ్వనిని పట్టి ఉంచి, కోరినప్పుడు తిరిగి వినిపించే యంత్రాలు ఒకదాని వెంట ఒకటి ఇండ్లలోకి వచ్చినవి. అయితే అవి పాటను ఉన్నదున్నట్లు దాచిపెట్టే పెట్టెలు మాత్రమే కావు. ప్రతి యంత్రానికీ ఒక కాలపరిమితి ఉన్నది. ఆ పరిమితికి లోబడి పాట కూడ తన రూపాన్ని మార్చుకొనవలసి వచ్చింది. ఇంటి వినోద యంత్రాల చరిత్రలో ముఖ్యంగా గమనించవలసిన విషయం ఇదే.

మసి పూసిన కాగితం, తగరపు రేకు

ధ్వని అంటే గాలిలో కలిగే కంపనం. ఆ కంపనాన్ని గీతగా మార్చవచ్చునని 1857లో ఫ్రాన్సు దేశీయుడు లియోన్ స్కాట్ నిరూపించినాడు. ఆయన పరికరంలో ఒక గరాటు చివర పలుచని పొర ఉండేది. ఎవరైనా గరాటులో మాట్లాడితే పొర కదిలేది. దానికి అంటించిన వెంట్రుక మసి పూసిన కాగితంమీద వంకర గీత గీసేది. కాని ఆ గీతను మళ్లీ ధ్వనిగా మార్చే ఉపాయం స్కాట్ వద్ద లేదు. ఆయన 1860లో గీసిన ఒక పాట గీతను 2008లో అమెరికాలోని పరిశోధకులు కంప్యూటరు సహాయంతో మొదటిసారిగా వినిపింపజేసినారు.

గీతను తిరిగి పలికించినవాడు థామస్ ఆల్వా ఎడిసన్. 1877లో ఆయన ఒక ఇత్తడి స్తూపానికి తగరపు రేకు చుట్టి, పొరకు అమర్చిన ముల్లుతో దానిమీద గాడి పడేటట్లు చేసినాడు. ఆ గాడిలోనే మరల ముల్లును నడిపితే పొర కదిలి మాట వినిపించింది. దీనికి ఫోనోగ్రాఫు అని పేరు. మరుసటి సంవత్సరం ఎడిసన్ ఒక వ్యాసంలో ఈ యంత్రానికి గల ఉపయోగాలను వరుసగా పేర్కొన్నాడు. అందులో మొదటిది ఉత్తరాలు చెప్పి వ్రాయించడం. సంగీతానిది నాలుగవ స్థానం. ఈ యంత్రం ఇంటింటి వినోదంగా మారుతుందని దానిని కనిపెట్టినవాడే అంతగా ఊహించలేదన్నమాట.

తగరపు రేకు కొద్దిసార్లు వినగానే అరిగిపోయేది. తర్వాత మైనపు స్తూపాలు వచ్చినవి. ఒక్కొక్క స్తూపం సుమారు రెండు నిమిషాలు పలికేది. తొలిరోజులలో వీటికి నకళ్లు తీయడం చాలా కష్టం. వంద స్తూపాలు అమ్మాలంటే గాయకుడు అనేక గరాటుల ముందు నిలబడి అదే పాటను మళ్లీ మళ్లీ పాడవలసి వచ్చేది.

ఈ చిక్కును విడదీసినవాడు, జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎమిలీ బెర్లినర్. 1887లో ఆయన స్తూపాన్ని విడిచి చదునైన బిళ్లను ఎన్నుకొన్నాడు. ఒకసారి గాడి కోసిన బిళ్ల నుండి లోహపు అచ్చు తీస్తే, అప్పచ్చులు ఒత్తినట్లు వేల కొలది ప్లేట్లు ఒత్తవచ్చును. ఇదే గ్రామఫోను. కొలది సంవత్సరాలలో దీనికి గడియారంలో వలె స్ప్రింగు అమర్చినారు. కీ ఇస్తే చాలును, విద్యుచ్ఛక్తి అవసరం లేదు. కరెంటు లేని పల్లెలకు కూడ గ్రామఫోను చేరగలగడానికి ఇదే కారణం.

మన చెట్లమీది లక్క

ఈ ప్లేట్లను దేనితో చేసేవారు? రాతిపొడి వంటి ఖనిజ చూర్ణాన్ని, నల్లరంగును లక్కతో కలిపి వేడిచేసి ఒత్తేవారు. లక్క పురుగులు మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలమీద పెరిగి, తమ శరీరాలనుండి స్రవించే పదార్థంతో పొర కట్టుకొంటాయి. ప్రపంచానికి లక్క సరఫరా చేసిన ముఖ్యదేశం భారతదేశమే. న్యూయార్కులో వినిపించిన సంగీతానికి కూడ ఛోటానాగపూర్ అడవులలోని పురుగు ఆధారమైనదన్నమాట. రెండవ ప్రపంచయుద్ధంలో 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు లక్క వాడకాన్ని చాలావరకు తగ్గించవలసి వచ్చినది.

మూడు నిమిషాలే ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు చిన్న లెక్కలో ఉన్నది. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. మూడు నిమిషాలలో 234 చుట్లు. ఒక అంగుళం వెడల్పులో సుమారు 95 గాళ్లు పడతాయనుకొంటే, 234 గాళ్లకు దాదాపు రెండున్నర అంగుళాలు కావలెను. ప్లేటు వ్యాసార్థం ఐదు అంగుళాలు. మధ్యనున్న కాగితపు చీటీకి, అంచులకు పోగా మిగిలేది ఇంచుమించు అంతే. గాళ్లను ఇంకా దగ్గరగా కోస్తే బరువైన ఉక్కు ముల్లు వాటి మధ్యనున్న గోడలను చెడగొడుతుంది. వేగం తగ్గిస్తే ధ్వని స్పష్టత చెడుతుంది. కాబట్టి పాట పొడవును నిర్ణయించినది సంగీత శాస్త్రం కాదు. ముల్లు, గాడి, లక్క.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు లండన్‌లోని గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తా వచ్చినాడు. ఆయన ముందు పాడిన ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్. ఒక రాగాన్ని గంటసేపు విస్తరించగల విద్వాంసురాలు, మూడు నిమిషాలలో ఆలాపన నుండి ముగింపు వరకు పూర్తిచేసి, చివర తన పేరు ఇంగ్లీషులో బిగ్గరగా చెప్పేది. ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి. అక్కడి పనివారికి ఏ ప్లేటు ఎవరిదో తెలియడానికి ఈ ఏర్పాటు. 1908లో కలకత్తాలోనే ప్లేట్ల కర్మాగారం వెలసినది.

దక్షిణదేశపు విద్వాంసులకు కూడ ఇదే చిక్కు వచ్చింది. కచ్చేరీలో త్యాగరాజ కీర్తనకు ముందు రాగాలాపన, మధ్య నెరవు, చివర స్వరకల్పన ఉంటాయి. ప్లేటుమీద పల్లవి, అనుపల్లవి, చరణం పాడేసరికే సమయం అయిపోయేది. చిన్న కృతులకు, జావళీలకు, తెలుగు నాటక పద్యాలకు మాత్రం ఈ కొలత చక్కగా సరిపోయింది. రాగం తీసి ఒక పద్యం పాడితే ప్లేటు ఒక ప్రక్క నిండుతుంది. నాటకం చూడలేనివారు కూడ పద్యాన్ని ఇంట్లోనే విని కంఠస్థం చేసినారు. సినిమా పాట ఇంచుమించు మూడు నిమిషాల కొలతకు అలవాటు పడడానికి కూడ ఈ ప్లేటు ముఖ్యమైన కారణం.

అయితే ఈ లాభం వెనుక ఒక నష్టం ఉన్నది. 1938లో మరణించిన వీణ ధనమ్మాళ్ వాదనాన్ని ఈనాటివారు కొద్ది ప్లేట్ల ద్వారానే వినవలసి ఉన్నది. తీరికగా సాగే ఆమె బాణీలో ఆ ప్లేట్లు చూపేది ఒక కిటికీ మాత్రమే. ఆ తరం విద్వాంసులు మూడు నిమిషాల తర్వాత ఏమి పాడేవారో, ఎలా పాడేవారో ప్లేటు చెప్పదు. పాత రికార్డు విని "ఆనాటి సంగీతం ఇంత క్లుప్తమైనది" అనుకొంటే పొరపాటు. క్లుప్తమైనది యంత్రం.

పొడవైన గాడి

1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీ వినైలు అనే ప్లాస్టిక్‌తో కొత్త ప్లేటు చేసినది. దాని వ్యాసం 12 అంగుళాలు. వేగం నిమిషానికి 33⅓ చుట్లు. వినైలు మెత్తనిది, నునుపైనది. తేలికైన ముల్లు చాలును. కాబట్టి గాళ్లను సన్నగా, దగ్గరగా కోయడం సాధ్యమైనది. ఒక ప్రక్కన 22 నిమిషాలు అంటే 733 చుట్లు. మూడు అంగుళాలలో అవి ఇమిడినవి. దీనినే ఎల్.పి. అన్నారు. 1955లో అలీ అక్బర్ ఖాన్ సరోద్ వాదన అమెరికాలో ఎల్.పి.గా వచ్చినప్పుడు ఒక్కొక్క రాగానికి ఒక పూర్తి ప్రక్క లభించినది.

తెలుగు ఇండ్లకు బాగా పరిచయమైన ఉదాహరణ ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం. 1963లో వచ్చిన ఆ రికార్డులో సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం కలిసి దాదాపు ఇరవై నిమిషాలు. పాత ప్లేట్లయితే మూడు నాలుగు కావలెను. ప్రతి మూడు నిమిషాలకూ ఎవరో ఒకరు లేచి ప్లేటు తిప్పవలెను. ఎల్.పి. ఒక ప్రక్కలోనే అది ఆగకుండా సాగినది.

1963లోనే ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును ప్రదర్శించినది. ఇందులో గాడి లేదు. అయస్కాంతపు పొడి పూసిన సన్నని టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. అరగంటకు సుమారు 86 మీటర్ల టేపు చాలును. క్యాసెట్టు తెచ్చిన అసలు మార్పు కాలంలో కాదు, అధికారంలో ఉన్నది. అంతవరకు కంపెనీ ఒత్తిన ప్లేటును కొనడమే ఇంటివారి పని. ఇప్పుడు తాతగారి హరికథను, అమ్మ పాడే మంగళహారతిని ఇంటివారే పట్టి ఉంచగలిగినారు.

1982లో జపానులో అమ్మకానికి వచ్చిన కాంపాక్టు డిస్కు ధ్వనిని అంకెలుగా మార్చినది. సెకనుకు 44,100 సార్లు ధ్వని ఎత్తును కొలిచి, ఆ అంకెలను సూక్ష్మమైన గుంటలుగా వ్రాస్తారు. లేసరు కిరణం వాటిని చదువుతుంది. పాత ప్లేటులో ఒక మిల్లీమీటరుకు నాలుగు గాళ్లుంటే, ఈ డిస్కులో 600కు పైగా వరుసలుంటాయి. 12 సెంటీమీటర్ల బిళ్లలో 74 నిమిషాల సంగీతం ఇమిడినది ఇందువల్లనే.

ఈనాడు పాట ఏ బిళ్లమీదా లేకుండా తీగలద్వారా, రేడియో తరంగాలద్వారా చేతిలోని ఫోనుకు చేరుతున్నది. కచ్చేరీ అంతా ఒకే ఫైలులో ఉంటుంది. పాట పొడవుకు యంత్రం గీసిన హద్దు దాదాపు చెరిగిపోయినది. కాని అంకెల ఫైళ్లు కూడ చెడిపోతాయి. నకళ్లు తీసి భద్రపరచకపోతే మాయమవుతాయి. లక్క ప్లేటు చేయిజారితే పగులుతుంది, పగలకపోతే శతాబ్దం దాటినా పలుకుతుంది. ఇండ్లలో అటకలమీద పడి ఉన్న పాత ప్లేట్లను, క్యాసెట్లను పారవేయక, వాటిలోని ధ్వనిని ఫైళ్లుగా మార్చి పదిలపరచడం అందువల్ల అవసరం. ఆ మూడు నిమిషాలు కూడ పోతే, కొందరు గాయకుల కంఠం పేరుగా మాత్రమే మిగులుతుంది.