రాయచూరు అంతర్వేదిలో అక్షరము, పదము

1822లో మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఆయా మండలముల పాఠశాలల వివరములను పంపవలసినదిగా కలెక్టరుల నాదేశించెను. మరుసటి యేట బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ పంపిన నివేదిక రాయచూరు సీమ విద్యాచరిత్రకును మిక్కిలి యుపకరించును. ఏలయన ఈ రెండు సీమలకు తుంగభద్రయే హద్దు. పాలకులు వేఱైనను ఇరుగట్టులందును తెలుగు కన్నడములు కలసియే వినబడును. కాంబెల్ కేవలము అధికారి కాడు. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో నిఘంటువును ప్రకటించిన పండితుడు.

ఆనాడు బళ్లారి మండలమున 533 పాఠశాలలుండెను. వానిలో 235 కన్నడమునకు, 226 తెలుగునకు చెందినవి. సర్కారు సాయము ఒక్కదానికిని లేదు. అయిదవయేట బడిలో చేరిన బిడ్డ అక్షరములను వల్లెవేయుటకు మాఱుగా నేలపై ఇసుకలో వ్రేలితో వ్రాసి నేర్చుకొనెడివాడు. చేయి తిరిగిన పిమ్మటనే తాటాకు, గంటము. లేదా కాగితము, రెల్లుకలము. లేదా నల్లని కడితము, బలపము. చేయి, కన్ను, చెవి ఏకమగు ఈ పద్ధతికి నేటికిని వన్నె తఱుగలేదు.

లోపము అక్షరమున లేదు, పదమునందున్నది. బాలురు పద్యములెన్నియో అప్పగింతురు గాని, అర్థము విషయమున చిలుకలకంటె నెక్కుడెఱుగరని కాంబెల్ వ్రాసెను. కావ్యభాష వేఱు, ఇంటిభాష వేఱగుటయే కారణమని యాతని భావము. మాట కటువే. కంఠస్థమైన పద్యము పెద్దయైన పిదప అర్థమిచ్చుటయు కలదు. అయినను మూలప్రశ్నకు అది సమాధానము కాదు.

రాయచూరున ఆ ప్రశ్న మఱింత చిక్కుపడినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూయే బోధనభాష. 1956 నవంబరు 1న గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమున చేరగా, మిగిలిన రాయచూరు మైసూరు రాష్ట్రమున కలిసెను. ఆ యేటనే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చి, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపవలెననిరి. తుంగభద్ర ఎడమకాలువ పాఱిన పిమ్మట కోస్తా రైతులు వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతములలో క్యాంపులు కట్టుకొనిరి. పాతకాపుల తెలుగొకటి, క్యాంపుల తెలుగొకటి; వాచకము తెలుగు మూడవది.

తెలుగు, కన్నడ లిపులు తోబుట్టువులు గనుక ఒకటి వచ్చిన బిడ్డకు రెండవది త్వరగా పట్టుబడును. పదములు అట్లు పట్టుబడవు. ‘అచ్చులు, హల్లులు’ అని పాఠము మొదలిడినచో, వీధిలో కన్నడము విని పెరిగిన బిడ్డకు తోచునవి వ్యంజనములు కావు, నోటిలోని పండ్లు. కన్నడమున ‘హల్లు’ అనగా పన్ను. ఆ పొరపాటును గద్దించి యణచుట తగదు. అదే ద్వారము. తెలుగు పకారమునకు కన్నడమున హకారము వచ్చుట బిడ్డకు ఆటవలె చూపవచ్చును: పాలు హాలు, పులి హులి, పాము హావు, పువ్వు హూవు. ఇంట తెలుగు సన్నగిల్లిన బిడ్డకు ఈ జంటలును చాలవు. వానికి పువ్వును చేతికిచ్చి, పేరు పలికించి, రెండు మాటలాడించిన తరువాతనే ఇసుకలో ‘పు’ వ్రాయింపవలెను.