కాటన్: ఒకే మాటకు రెండు పుట్టుకలు

గుడివాడ, గుడ్లవల్లేరు, పెడన, బందరు... ఏ ఊళ్లో బట్టల కొట్టుకెళ్లినా వినిపించే మాట కాటన్. కాటన్ చీర, కాటన్ లుంగీ అంటేనే ఇప్పుడు అందరికీ తెలుస్తుంది. నూలు చీర అనే మాట పెద్దవాళ్ల నోట్లోనే మిగిలింది. కాటన్ ఇంగ్లీషు మాట అనే పిల్లలు చదువుకుంటారు. తెలుగులోకి వచ్చింది ఇంగ్లీషు నుంచే గానీ, పుట్టింది మాత్రం అరబీలో.

పుట్టుక

అరబీలో పత్తిని ఖుత్న్ అంటారు. ఖాఫ్, తోయ్, నూన్ అక్షరాలతో రాస్తారు. అరబ్బులు స్పెయిన్‌ను ఏలిన కాలంలో పత్తి సాగుతోపాటు ఈ మాట కూడా అక్కడ నాటుకుంది. ముందుండే 'అల్'తో సహా స్పానిష్‌లో అల్గొడోన్ అయింది. ఇటలీలో కొటోనె, ఫ్రాన్సులో కొతోన్ అయింది. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులో చేరి, 14వ శతాబ్దం నాటికే వాడుకలో ఉంది.

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో మాత్రం పత్తికి కపాస్, దూదికి రూయీ, నూలు బట్టకు సూతీ కప్‌డా అనే మాటలున్నాయి. కపాస్ సంస్కృతంలోని కార్పాసం నుంచి వచ్చింది. తెలుగు పత్తికి తమిళ పరుత్తి, కన్నడ హత్తి తోబుట్టువులు.

అర్థాలు

ఇంగ్లీషులో కాటన్ అంటే పత్తి మొక్క, దాని దూది, దారం, బట్ట కూడా. క్రియగా వాడితే అర్థం మారిపోతుంది. 'కాటన్ ఆన్' అంటే సంగతి పట్టేయడం, 'కాటన్ టు' అంటే ఒకరి మీద ఇష్టం కుదరడం. పిల్లలు తినే పీచు మిఠాయిని అమెరికాలో కాటన్ క్యాండీ అంటారు. ఈ రెండో మాటకు మూలం మన ఖండమే. సంస్కృత ఖండం ఫార్సీలో ఖంద్, అరబీలో ఖందీ అయి యూరప్ చేరింది. మన కలకండలో ఉన్నదీ అదే.

కొట్లలో అట్టపెట్టెను కాటన్ బాక్స్ అంటారు. దానికీ పత్తికీ సంబంధం లేదు. అసలు మాట కార్టన్, అంటే అట్ట.

కాటన్ దొర పేరు

డెల్టా ఇళ్లలో ఇంకో కాటన్ కూడా ఉన్నాడు, సర్ ఆర్థర్ కాటన్ (1803–1899). గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టించింది ఆయనే. ఆయన ప్రోత్సాహంతో బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్టను 1852–55 మధ్య కెప్టెన్ చార్లెస్ ఓర్ కట్టించాడు. ఆ కాలువల నీళ్లతోనే ఈ పొలాలు పండాయి.

ఆయన ఇంటిపేరుకు మాత్రం పత్తితో చుట్టరికం లేదు. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె. గుడిసెలున్న చోటును కాటన్ అన్నారు, ఆ ఊళ్ల పేరే ఇంటిపేరైంది. కాటేజ్ అనే మాటదీ అదే వేరు. రాతలో, పలుకులో ఒకటే అయినా, పుట్టుకలో ఇవి రెండు వేర్వేరు మాటలు.

మస్లిన్ బందరుదేనా?

సన్నటి నూలు బట్టను మస్లిన్ అంటారు. యూరప్ వాళ్లు మచిలీపట్నాన్ని మసులిపటం అన్నారు కాబట్టి మస్లిన్ ఆ పేరు నుంచే వచ్చిందని ఒక మాట ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ, నిఘంటువులు చూపేది ఇరాక్‌లోని మోసుల్ నగరాన్ని. పేరు బందరుది కాకపోయినంత మాత్రాన పనితనం కాకుండా పోదు. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం పెరిప్లస్, మసాలియా అనే ఈ తీరంలో నూలు బట్టలు విరివిగా నేస్తారని చెప్పింది. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు వారి రేవు. ఇంగ్లీషు వాళ్లు 1611లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టిందీ ఈ బట్టల కోసమే.

ఈ నేలతో నిజంగా ముడిపడిన మాట కలంకారీ. ఫార్సీలో ఖలమ్ అంటే కలం, కారీ అంటే పని. పెడన, బందరుల్లో మాత్రం కలం బదులు చెక్క అచ్చులతో అద్దుతారు. మాట ఫార్సీది, బట్ట కాటన్, చెయ్యి తెలుగువాడిది.