చౌడు మిద్దె

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఊళ్లోనే దొరికే సామగ్రితో కట్టే చదునుకప్పు ఇల్లు. రాళ్లను మట్టితో పేర్చి మందపాటి గోడలు లేపుతారు. వాటిపై దూలాలు, దంతెలు పరిచి, పైన కట్టెలో నాపబండలో కప్పి, మట్టి మెత్తి చౌడు (క్షార మట్టి) పోస్తారు. తడిసిన చౌడులోని సన్నని బంకరేణువులు సందులను పూడ్చి నీటిని ఆపుతాయి. అందుకే వానలకు ముందు కొత్త చౌడు పోయడం ఆనవాయితీ. కప్పులోని గవాక్షి వెలుగునిస్తుంది; మందపాటి గోడలు ఎండవేడిని నెమ్మదింపజేస్తాయి.

ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ 1940లలో న్యూ గూర్నా గ్రామాన్ని మట్టి ఇటుకలతో కట్టించింది కూడా స్థానిక సామగ్రి, తక్కువ ఖర్చు అనే సూత్రంపైనే.

ఏటేటా మరమ్మతు, వరద తాకిడికి మట్టికట్టు నిలవకపోవడం చౌడు మిద్దె పరిమితులు. ఈ ప్రాంతానికి వరద ముప్పు లేకపోలేదు: 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తాయి. అయినా ఎత్తైన చోట, గట్టి పునాదిపై ఈ పరిజ్ఞానం నేటి పేదల ఇళ్లకూ పనికొస్తుంది, దాన్ని కాపాడుకోవాలి.