కొర్కై రేవు - కోనసీమ నేల

కళుగుమలై వచ్చిన చుట్టాలందరికీ మనం మొదట చూపేది కొండమీది వెట్టువన్ కోవెల. 8వ శతాబ్దంలో పాండ్యుల కాలపు శిల్పులు ఒకే బండను పైనుండి కిందికి తొలిచి చేసిన గుడి అది. పన్నెండు వందల ఏండ్లు గడిచినా ఆ రాయి కదలలేదు. అయితే మన తూత్తుకుడి జిల్లాలోనే, తామ్రపర్ణి దిగువన, తీరమే జరిగిపోయిన చోటు ఒకటి ఉన్నది. దాని పేరు కొర్కై. మేము రైల్వేలో గుమాస్తాలము, మెట్రిక్‌తో చదువు ముగిసినవారము, పండితులము కాము. అయినా చూచినదీ, చదివినదీ ఈ ఉగాది సంచికలో మన కుటుంబాలవారితో చెప్పుకోవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొన్నటి సెలవులలో ఇంటిల్లిపాదితో కొర్కై వెళ్లాము. పాండ్యుల ముత్యాల రేవని దారి పొడుగునా చెప్పుకుంటూ పోయాము. తీరా దిగి చూస్తే వరిచేలు, అరటితోటలు, ఒక చెరువు. మా అవ్వ చుట్టూ చూచి, "రేవన్నావే, సముద్రమెక్కడరా అబ్బాయీ?" అన్నది. సముద్రం అక్కడికి సుమారు 6 కిలోమీటర్ల దూరాన ఉన్నది. అవ్వ అడిగిన ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలమీ వ్రాసిన భూగోళ గ్రంథంలో ఈ రేవు 'కొల్ఖోయి' అనే పేరుతో కనిపిస్తుంది. ఇక్కడినుండి ముత్యాలు దేశాంతరాలకు పోయేవి. తామ్రపర్ణి ఏటేటా తెచ్చిన మన్ను మేటవేసి సముద్రాన్ని దూరంగా నెట్టగా, వర్తకం తూర్పున కొత్త తీరంలో వెలసిన కాయల్‌కు మారింది. 13వ శతాబ్దం చివర మార్కో పోలో వర్ణించినది ఆ కాయల్‌నే. అరబ్బు దేశాల గుర్రాలు అక్కడ ఓడలు దిగేవి. కొంతకాలానికి అదీ మేటలో చిక్కి, నేడు పళయకాయల్ అనే పల్లెగా మిగిలింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు వచ్చిన తరువాత తూత్తుకుడి పెద్ద రేవైనది. ఈ వరుసనంతా కాల్డ్వెల్ దొర 1881లో ప్రకటించిన తిరునల్వేలి చరిత్రలో వివరించాడు.

ఇది ఎట్లా జరిగిందో మా గూడ్సు బండి పోలికతో చెప్పుకుందాము. నదికి వడి ఉన్నంతసేపు బరువు మోస్తుంది. వడి తగ్గిన చోట దించుతుంది. సముద్రంలో కలవగానే వడి పడిపోతుంది గదా! అప్పుడు ముందుగా దిగేది బరువైన ఇసుక. తేలికైన ఒండ్రు ఇంకొంత దూరం పోతుంది. అన్నిటికన్న సన్నని బంకమన్ను ఉప్పునీరు తగలగానే రేణువుకు రేణువు అంటుకొని ముద్దలై, లోతున అడుగుకు దిగుతుంది.

నది ముందుకు జరిగినకొద్దీ, నిన్నటి బంకమన్ను మీద నేటి ఇసుక వాలుగా పరచుకుంటుంది. దానిమీద వరదలు తెచ్చిన ఒండ్రు చదునుగా కప్పుతుంది. ఈ మూడు పొరల వరుసను 1885లో గిల్బర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఎండిపోయిన ఒక పాత సరస్సు ఒడ్డున పరీక్షించి వివరించాడు. కనుక డెల్టాలో బావి తవ్వడం పుస్తకాన్ని చివరి పుటనుండి వెనక్కు చదవడం వంటిది: పైన చేని మన్ను, దానికింద ఇసుక, ఇంకా కింద గవ్వలు కలిసిన సముద్రపు అడుసు. కొర్కై నేలలోనూ నదీ మన్ను కింద సముద్రపు ఇసుక, గవ్వలు ఉన్నవి.

నది మన్ను తెస్తే చాలదు, డెల్టా రూపం సముద్రం మీద కూడ ఆధారపడుతుంది. అల బలం తక్కువైనచోట నది పాయలు పక్షి కాలివేళ్లవలె ముందుకు చాస్తుంది; అమెరికాలోని మిసిసిపీ అట్లాంటిది. అల బలమైనచోట ఇసుకను తీరం వెంబడి పరచి దిబ్బలు కడుతుంది. మన గోదావరి ఆ కోవలోనిది. కోనసీమలో తీరానికి సమాంతరంగా, వరుస వెంట వరుసగా ఇసుక మెరకలు కనిపిస్తవి. ఒక్కొక్క మెరక ఒకనాటి సముద్రపు ఒడ్డు. మెరకమీద ఇండ్లు, కొబ్బరి చెట్లు. నడుమ పల్లాలలో వరి. గోదావరి, కృష్ణ రెండు వైపులనుండి ముందుకు పెరగగా నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు.

కొర్కైకి తోబుట్టువు తెలుగునాటనే ఉన్నది. టాలమీ తన గ్రంథంలోనే 'కంటకోస్సిల' అనే మరొక వర్తకస్థానాన్ని పేర్కొన్నాడు. అది కృష్ణా జిల్లాలోని ఘంటసాల అని పండితులు గుర్తించారు. బౌద్ధ స్తూపం వెలసిన ఆ ఊరు నేడు సముద్రానికి ఎంతో లోపల, పచ్చని చేల మధ్య ఉన్నది. ఒకే పుస్తకంలో పేరుకెక్కిన రెండు వర్తకస్థానాలు, ఒకటి మన పూర్వులు విడిచి వచ్చిన దేశంలో, ఒకటి మనం నిలిచిన దేశంలో. రెండూ నేడు వరి పండే పల్లెలు.

ఇంతవరకు నేల పెరిగిన కథ. ఇక తరిగే కథ. 1970 ప్రాంతాల గోదావరి సముద్రానికి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మన్ను చేర్చేది. వాగనుకు 60 టన్నులు, బండికి 58 వాగన్లు చొప్పున లెక్కవేసి చూచాము: రోజుకు రమారమి 118 గూడ్సు బండ్లు! 1990 ప్రాంతాలకు అది 6 కోట్ల టన్నులకు లోపు, అంటే రోజుకు 50 బండ్లకు లోపు పడిపోయింది. మిగతా మన్నులో చాల భాగం ఎగువ జలాశయాలలో ఆగిపోతున్నది. కృష్ణమీద 1967లో పూర్తియైన నాగార్జునసాగరం, దాని తరువాతి శ్రీశైలం కూడ అట్లాగే ఆపుతున్నవి. ఆనకట్టలను నిందించడం మా ఉద్దేశం కాదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించకపోతే, కరువు సీమ అన్నపూర్ణ అయ్యేది కాదు. కాని నది మన్ను తేవడం తగ్గినా అల కోయడం మానదు. అందువల్ల గోదావరి ముఖద్వారాల దగ్గర పలుచోట్ల తీరం కోసుకుపోతున్నది.

ఇది మనకెందుకు అని కొందరు అనవచ్చును. మన కరిసల్ నేల నది తెచ్చి పోసినది కాదు. వానే దానికి ఆధారం. విజయనగర, నాయకరాజుల కాలాల్లో కృష్ణా గోదావరి తీరాలనుండి వచ్చామని చెప్పుకునే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నవి. మన ఇంటిపేర్లలో అనేకం అక్కడి ఊళ్ల పేర్లే. ఊరు చూడకపోయినా పేరు మోస్తూ వచ్చాము. కొర్కైలో రేవు పోయినా ఊరు మిగిలింది. తీరం కోతపడే చోట ఊరు పోయి, ఎక్కడో ఒక ఇంటిపేరు మాత్రమే మిగిలే రోజు రావచ్చును.

కనుక పెద్దలకు మా మనవి: మీ ఇంటిపేరు ఏ ఊరిదో, ఆ ఊరు ఏ నదికి దగ్గరిదో తెలిసినంతవరకు ఒక కాగితంమీద వ్రాసి పిల్లలకు ఇవ్వండి. సెలవులకు ఉత్తరాదికి రైలెక్కే పిల్లలు గోదావరి వంతెనమీద కాసులు వేసి నమస్కరించడంతో ఆగక, కోనసీమలో దిగి ఆ మెరకలూ, ఆ తీరమూ చూచి రావలెను. మా అవ్వ ఇంటికి వచ్చిన తరువాత కూడ, "అంత సముద్రాన్ని నెట్టింది పిడికెడు పిడికెడు మన్నేనా?" అని అడుగుతూనే ఉన్నది. అవును, అవ్వా. అది రావడం ఆగితే ఏమవుతుందో కూడ మన పిల్లలు తెలుసుకోవలెను.