అక్షరం మన ఇంటికి ఏ కాగితం మీద వచ్చింది?

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు రచన నేర్పడానికి ఇచ్చే వ్యాసాంశాలు మనందరికీ తెలిసినవే. గ్రంథాలయాల ఆవశ్యకత, విజ్ఞానశాస్త్రం వల్ల లాభనష్టాలు, మీరు చేసిన విహారయాత్ర. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన మాదిగ, మాల, నేతకాని, మాంగ్, గోండు పిల్లలు వీటిని గైడు చూసి రాస్తరు. విహారయాత్రకు ఎన్నడూ పోనోళ్లు పోయినట్టే రాస్తరు. ‘ఇంట్ల’, ‘వచ్చిన్రు’ అని రాస్తే సారు కింద ఎర్రగీత గీస్తడు. అబద్ధానికి మార్కులు పడతయి, సొంత మాటకు పోతయి. మేము చదివిన కాలేజీలోనూ ఇదే పద్ధతి.

అక్షరాన్నే వ్యాసాంశంగా ఎందుకు ఇవ్వకూడదు? మీ ఇంట్ల మొదట చదువుకున్నది ఎవరు? ఎవరు చదివించిన్రు, ఎవరు అడ్డం పడ్డరు? అంతకుముందు మీ పెద్దల పేరు ఎవరు, ఏ కాగితం మీద, ఎట్ల రాసిన్రు? ఇవి ఆత్మకథ ప్రశ్నల్లాగ కనిపిస్తయి గాని, మా దృష్టిలో చరిత్ర ప్రశ్నలు.

బడిపిల్ల రాసిన వ్యాసం చరిత్ర కావడం కొత్తేమీ కాదు. 1855లో పుణెలో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తా సాల్వే అనే మాంగ్ బాలిక, మాంగ్, మహార్‌ల దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. అది ‘జ్ఞానోదయ’ అనే మరాఠీ పత్రికలో అచ్చయింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే మా ధర్మగ్రంథం ఏదని ఆ పిల్ల నిలదీసింది. దళిత స్త్రీ రచనల చరిత్ర ఇవాళ ఆ వ్యాసం దగ్గర మొదలవుతున్నది. అదే మాంగ్ కులం వాళ్లు మన ఆదిలాబాద్‌లోనూ ఉన్నరు. వాళ్ల పిల్లలు ఇప్పుడు కాలేజీలకు వస్తున్నరు, విహారయాత్ర గురించి రాస్తున్నరు.

మన దిక్కు కథ వేరు. నిజాం పాలనలో సర్కారు భాష ఉర్దూ. భూమి లెక్కంతా పట్వారి దస్త్రంలో. వెట్టి చేసే ఇంటోళ్లకు ఆ దస్త్రంలో తమ పేరు ఉన్నదో లేదో కూడా తెల్వదు. 1954-55 నాటి ఖాస్రా పహాణి నకలును ఈనాటికీ భూతగాదాల్లో అడుగుతరు. అందులో తాత పేరు లేకపోతే తాత దున్నిన భూమి కూడా లేనట్టే. జీతమున్న పిల్లగాని తండ్రి అప్పు కాగితం మీద నిషానీ వేసిండు, అందులో ఎంత రాసి ఉన్నదో రాసినోడికే తెలుసు. పాత కాగితాల్లో దొర పేరు చివర రావు, మన పేరు చివర గాడు. మనలో చాలా ఇండ్లకు అక్షరం మొదట బడిగా రాలేదు, బొటనవేలు అడిగే కాగితంగా వచ్చింది. మా పిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదనేటోళ్లు ఈ ముచ్చట ఎన్నడూ ఎత్తరు.

ఆదిలాబాద్ గోండుల అనుభవం ఇంకో తీరుది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం కాల్పుల్లో చనిపోయిన తర్వాతనే నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను అక్కడికి పంపింది. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. పాఠం చెప్పడానికి చదువుకున్న గోండులే లేరు కాబట్టి ముందు పెద్దవాళ్లకు నేర్పి, వాళ్లనే పంతుళ్లను చేసిన్రు. గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో తయారు చేసిన్రు. సొంత భాషలో మొదలుపెట్టుడు, సొంత మనిషే పంతులు కావడం: ఈ రెండూ మెచ్చుకోవాల్సినవే. కానీ తుపాకి పేలితే గాని బడి రాలేదన్నది మర్చిపోలేం. తర్వాత గోండీ బడిలోంచి జారిపోయింది, తెలుగు వచ్చి కూర్చున్నది.

గోండులకు లిపి లేదన్న మాట కూడా నిలబడలేదు. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండీ రాతప్రతులు దొరికినయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. కాబట్టి అక్షరం ఎప్పుడూ బయటినుంచే వచ్చిందని ముందే అనుకొని ప్రశ్న తయారు చేయొద్దు. మాదిగలకు జాంబపురాణం వినిపించే డక్కలోళ్ల పటం కూడా ఒక చదువే కదా!

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చినంక రాత్రిబడులు పెట్టిన్రు. నెల్లూరు జిల్లా దూబగుంటలో వాచకంలోని పాఠం ఆడవాళ్ల సొంత కష్టాన్ని తాకింది. 1992లో సారా వ్యతిరేక పోరాటం లేచింది, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధమైంది. చదివే పాఠం చదివేటోళ్ల బతుకును తాకితే ఏమైతదో ప్రభుత్వమే చూసింది.

ఇక తరగతి సంగతి. మొదటి వారంలోనే ‘నీ జీవితం రాయి’ అంటే పిల్లలు బిగుసుకుపోతరు. ఇంట్లున్న ఒక్క కాగితం తెమ్మనాలె. రేషన్ కార్డు, 2006 తర్వాత వచ్చిన ఉపాధి హామీ జాబ్ కార్డు, అమ్మ బీడీ కార్డు, నాయన సింగరేణి జీతం చిట్టి, దుబాయ్ నుంచి వచ్చిన పాత ఉత్తరం, ఏదైనా సరే. అది ఏ భాషలో ఉన్నది, పేరు సరిగ్గ ఉన్నదా, ఇంట్ల ఎవరు చదవగలుగుతరు, దానివల్ల ఏం వచ్చింది, ఏం పోయింది అన్నది ఒక పేజీ రాయమనాలె. దుబాయ్ ఉత్తరమైతే అది ఎవరు చదివి వినిపించిన్రు, మొగడు పెండ్లానికి రాసిన మాట మూడో మనిషి నోట విన్నప్పుడు ఎట్లుండె అని అమ్మమ్మనో మేనత్తనో అడిగి, ఆమె మాటను ఆమె యాసలోనే ఎక్కించాలె.

ఆ తర్వాత లెక్కలు ముందు పెట్టాలె. 1991 జనాభా లెక్కల్లో రాష్ట్ర అక్షరాస్యత 44 శాతం, కరీంనగర్ జిల్లాలో 37, ఆదిలాబాద్‌లో 33. ఈ 33లో మీ అమ్మ ఉన్నదా? ఉంటే, సంతకం నేర్చినందుకు లెక్కల్లోకి ఎక్కిందా, పేపర్ చదవగలిగా? ఇక్కడ పిల్లలు అంకెను ప్రశ్నించడం నేర్చుకుంటరు.

ఇందులో ప్రమాదం కూడా ఉన్నది. అరవై మంది ముందు లేచి నీ తాత వెట్టి గురించి చదవమంటే అది పాఠం కాదు, గాయం. చదివి వినిపించుడు ఇష్టమైనోళ్లకే ఉండాలె. సొంత ఇల్లు వద్దనుకుంటే ఇంకో ఇంటి గురించి రాయనియ్యాలె. దళిత పిల్లలే రాయాలె, మిగతావాళ్లు విని జాలిపడాలె అన్నట్టు అసలు ఉండొద్దు. పట్వారి మనుమడు కూడా రాయాలె: మీ తాతకు అక్షరం ఎవరు నేర్పిన్రు, ఆ అక్షరంతో ఆయన ఎవరి కాగితాలు రాసిండు? ఆ పిల్లగానికి ఈ ప్రశ్న ఎవరూ వేసి ఉండరు.

ప్రామాణిక తెలుగు నేర్పొద్దని మేము అనడం లేదు. ఉద్యోగ దరఖాస్తు పెట్టుకోవాలె, పరీక్ష రాయాలె. కానీ మొదటి చిత్తుప్రతి మీద యాసకు ఎర్రగీత పడొద్దు. చెప్పిన మాటకు ఆధారం ఉన్నదా, ఒక మాటకు ఇంకో మాట అందుతున్నదా, ముందు అది దిద్దాలె. రెండో ప్రతిలో పిల్లలే తేల్చుకుంటరు, ఎక్కడ అమ్మ మాట ఉండాలె, ఎక్కడ పుస్తకం మాట ఉండాలె అనేది.

పరీక్షలైనంక ఈ కాగితాలు తూకానికి పోకుండ చూడాలె. పిల్లలు ఒప్పుకుంటే, పేర్లు వద్దన్నచోట తీసేసి, కాలేజీ లైబ్రరీలో ఒక బీరువాలో ఊరి పేరు, సంవత్సరం వేసి దాచొచ్చు. మాదిగవాడల చరిత్ర రాయబోయే పరిశోధక విద్యార్థులు పట్వారి దస్త్రంతో పాటు ఆ బీరువా కూడా తెరుస్తరు.