పిల్లల గది గోడ మీద ఎవరి బొమ్మ?

ఇవాళ రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక గది ఉంది. పది అడుగులు బై పదకొండు. సైనిక్‌పురిలో మా తాతయ్య ఇంట్లో, మెట్ల పక్కన ఉంటుంది. ఆ గదిలో నేను చేసిన ఒక తప్పు నుంచి పుట్టిన ఎపిసోడ్ ఇది.

సైనిక్‌పురి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. పేరులోనే ఉంది కదా, రిటైరైన సైనికుల కోసం పుట్టిన కాలనీ. పక్కన ఈసీఐఎల్, ఏ.ఎస్.రావు నగర్. మా అమ్మ వాళ్ల నాన్న ఆర్మీలో చేసి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. చిన్న గదిలో ఆయన నల్ల ట్రంకు పెట్టె, పాత కుట్టుమిషను, మేం ఎవరం ముట్టుకోని సామాను ఉండేవి.

ఈ ఏడాది మా అక్క పుణె నుంచి ఇక్కడికి వచ్చేసింది, ఐదేళ్ల కూతురితో. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి వీడియోలు చేస్తున్నా కాబట్టి, మా ఇంట్లో లెక్క ప్రకారం నేను ఖాళీగా ఉన్నవాణ్ణి. పాప రూమ్ రెడీ చేసే పని నాకే పడింది. సరే, ఫోన్లో వందల ఫొటోలు సేవ్ చేశా. అడవి థీమ్, గోడంతా జిరాఫీ, సీలింగ్‌కి చీకట్లో మెరిసే చుక్కలు, టెంట్ లాంటి మంచం. ప్రాజెక్ట్ ప్లాన్ కూడా వేశా, ఎక్సెల్‌లో. నవ్వకండి.

పెయింటర్ అన్న తలుపు పక్కన ఆగి అడిగాడు, "ఈడ గూడ లప్పం పెట్టాల్నా సార్?" నేను ఫోన్లోంచి తల ఎత్తలేదు. "మొత్తం పెట్టేయ్ అన్నా" అన్నా.

ఆ తలుపు పక్కన పెన్సిల్ గీతలు ఉండేవి. మా అమ్మ ఎత్తు, పిన్ని ఎత్తు, తర్వాత అక్కది, నాది. ప్రతి గీత పక్కన తాతయ్య చేతిరాతలో తేదీ. మొదటిది 1979. చివరిది 2009, ఆయన పోయిన సంవత్సరం. సాయంత్రం అమ్మ టీ పట్టుకుని వచ్చి చూసింది. "ఇక్కడ కూడా పెట్టించావా?" అంది. అంతే. టీ అక్కడ పెట్టి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. అసలు పిల్లలకి విడిగా ఒక గది ఇవ్వడం, దాన్ని బొమ్మలతో నింపడం మన ఇళ్లలో ఎప్పుడు మొదలైంది? చదవడం మొదలుపెట్టా.

మొదట దొరికిన సమాధానం చాలా సింపుల్. పాత ఇంట్లో పిల్లల గది లేదు. మండువా లోగిలి గురించి వినే ఉంటారు, మధ్యలో ఆకాశం కనిపించే ఇల్లు. అందులో వంటిల్లు ఉంది, దేవుడి గది ఉంది, పడకటిల్లు ఉంది, ధాన్యానికి కొట్టు గది ఉంది. వడ్లకి గది ఉంది కానీ పిల్లలకి లేదు! పిల్లలు వసారాలో వరసగా, నాయనమ్మ పక్కన, ఎండాకాలం ఆరుబయట పడుకునేవాళ్లు. ఇదంతా ఉన్నవాళ్ల సంగతి. మిగతా చాలా ఇళ్లలో అందరికీ కలిపి ఒకటే గది. కాబట్టి 'ఆ రోజులే బాగుండేవి' అనే పాట నేను పాడట్లేదు.

మరి పిల్లల కోసం అలంకరణ లేదా అంటే, ఉంది. అది ఉయ్యాల దగ్గర మొదలైంది. తెలంగాణలో 21వ రోజు తొట్టెల చేస్తారు, కోస్తాలో బారసాల. ఉయ్యాల పైన రంగురంగుల చిలకలు వేలాడదీసేవాళ్లు, గుడ్డవో కర్రవో. ఇప్పుడు మనం ఆన్‌లైన్‌లో 'క్రిబ్ మొబైల్' అని వెతుకుతామే, అదే పని. తేడా ఏంటంటే, వెల్లకిలా పడుకున్న పసివాడికి ఏం కనిపిస్తుందో ఆలోచించి పెట్టిన బొమ్మ అది. ఫొటోలో ఎలా పడుతుందో ఆలోచించి పెట్టింది కాదు.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఏటికొప్పాక వస్తోంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అంకుడు కర్రని మిషను మీద గిరగిరా తిప్పుతూ, దానికి రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. బ్రష్ లేదు, పెయింట్ డబ్బా లేదు. మన అమ్మమ్మలు ఆడుకున్న లక్కపిడతలు ఈ పద్ధతిలో పుట్టినవే. మధ్యలో కెమికల్ రంగులు వచ్చి చేరాయి. పసిపిల్లలు బొమ్మని ముందు నోట్లో పెట్టుకుంటారు కదా. సి.వి.రాజు గారు అక్కడి కళాకారులతో కలిసి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటితో చేసే రంగుల్ని మళ్లీ పట్టాలెక్కించారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి జీఐ ట్యాగ్ వచ్చింది, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

ఈ రంగుల గొడవ మనకే కాదు, బ్రిటన్‌లో ఇంకా ఘోరం. 1775లో షీలే అనే కెమిస్ట్ ఒక కొత్త ఆకుపచ్చ రంగు తయారుచేశాడు. అందులో ఉన్నది ఆర్సెనిక్, అంటే పాషాణం. తర్వాతి శతాబ్దంలో ఆ జాతి ఆకుపచ్చలు వాల్‌పేపర్ల మీదికెక్కి ఇళ్లలోకి, పిల్లల గదుల్లోకి కూడా వచ్చేశాయి. 1870లలో వాల్టర్ క్రేన్ అనే బొమ్మల పుస్తకాల ఆర్టిస్ట్ పిల్లల గదుల కోసమే ప్రత్యేకంగా వాల్‌పేపర్లు గీశాడు. అంటే నేను గోడకి అంటించిన జిరాఫీకి ముత్తాత ఆయన కాలంలో ఉన్నాడన్నమాట. అక్కడ డబ్బున్న ఇళ్లలో 'నర్సరీ' అని విడిగా ఒక గది ఉండేది. ఆయా, పిల్లలు అందులో. అమ్మానాన్న వేరే గదుల్లో. ఆ గదికి అలంకరణ ఎందుకు అవసరమైందో నాకు ఇక్కడే అర్థమైంది. పిల్లలు రోజంతా ఉండాల్సింది అక్కడే మరి. మనం తెచ్చుకున్నది ఆ గది డిజైన్‌ని.

మన దగ్గర కూడా పెయింట్‌లో సీసం సంగతి తేలడానికి చాలా టైం పట్టింది. ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదనే రూల్ 2016లో వచ్చి, 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింట్ పెచ్చులుగా రాలుతుంటే, పిల్లల మంచం దాని పక్కన వెయ్యకండి. పొడి గరుకు కాగితంతో అస్సలు గీకకండి, ఆ దుమ్మే ప్రమాదం. థీమ్ గురించి తర్వాత ఆలోచించొచ్చు.

సరే, గోడ దగ్గరికి వద్దాం. ఇదే నాకు బాగా నచ్చిన భాగం. మన పాత గోడలకి సున్నం వేసేవాళ్లు. చాలా ఇళ్లలో ఏటా పండగ ముందు వెల్ల వెయ్యడం తప్పనిసరి. దాని అర్థం ఏంటి? పిల్లాడు బొగ్గుతో గోడ మీద ఏనుగు గీశాడు. నాయనమ్మ తిడుతుంది, కానీ మరీ కొంప మునిగినట్టు కాదు. సంక్రాంతికి ఎలాగూ సున్నం పడుతుంది, ఏనుగు పోతుంది, వాడికి మళ్లీ తెల్లగోడ దొరుకుతుంది. ఏడాదికోసారి ఫార్మాట్! ఇప్పుడు మనం వేసే ఎమల్షన్ ఏళ్ల తరబడి ఉంటుంది. ఖరీదు ఎక్కువ. అందుకే అదే ఏనుగు ఇప్పుడు నేరం అయిపోయింది. పిల్లల కోసమని వేసిన గోడని పిల్లల నుంచి కాపాడుతున్నాం. నేనూ అదే చేశా. రెండో రోజే పాప జిరాఫీ కాళ్ల దగ్గర స్కెచ్ పెన్‌తో ఏదో గీస్తుంటే అరిచాను. "మామా, ఇది గడ్డి. దానికి ఆకలేస్తుంది కదా" అంది.

గోడకి తర్వాత కాగితం వచ్చింది. 1945లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు 'బాల' పత్రిక మొదలుపెట్టారు, 1947 జూలైలో 'చందమామ' వచ్చింది. చందమామకి వడ్డాది పాపయ్య గారు వేసిన కవర్ బొమ్మలు కత్తిరించి, అన్నం మెతుకులతో గోడకి అంటించిన తరం మనింట్లోనే ఉంది. అడిగి చూడండి. మా అమ్మ అయితే తలుపు లోపలి వైపు అంటించేదట, తాతయ్యకి వెంటనే కనపడకుండా. బొమ్మ ఎక్కడ పెట్టాలో ఎంచుకున్నది తనే. ఎత్తు కూడా తన చేతికి అందినంతే.

ఎత్తు అనగానే మాంటిసోరి గుర్తొస్తారు. 1907లో రోమ్‌లో పేదల వాడలో ఆవిడ పిల్లల ఇల్లు తెరిచినప్పుడు చేసిన పెద్ద మార్పుల్లో ఒకటి, కుర్చీలు, బల్లలు, అరలు పిల్లల సైజుకి దించడం. 1939లో మద్రాసు అడయార్‌కి వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయారు. నేను పెట్టించిన బుక్ షెల్ఫ్ ఎంత ఎత్తులో ఉందో తెలుసా? నా భుజం దగ్గర. ఫ్రేమ్‌లో బాగుంటుందని.

కానీ మన దగ్గర పిల్లలే డెకరేటర్లు అయిన సందర్భం ఒకటుంది. బొమ్మల కొలువు. కొన్ని ఇళ్లలో దసరాకి, కొన్ని ఇళ్లలో సంక్రాంతికి. మూడు, ఐదు, ఏడు, ఇలా బేసి సంఖ్యలో మెట్లు. పైన దేవుళ్లు పెద్దవాళ్ల ఇష్టం, కింద మాత్రం ఆడపిల్లల రాజ్యం. కొండపల్లి బొమ్మలు ఉంటాయి కదా, తెల్లపొణికి కర్రతో చేసినవి, కాళ్లు చేతులు విడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. అంబారీ ఏనుగు, కల్లు గీసే ఆయన, పిండి దంచే ఆవిడ. వాటి చుట్టూ ఒక ఊరు కట్టాలి. వారం ముందే పళ్లెంలో మట్టి పోసి ఆవాలు చల్లితే అది పొలం. అద్దం ముక్క చెరువు. అగ్గిపెట్టెలు ఇళ్లు. తర్వాత పేరంటం పిలిచి అందరికీ చూపించాలి, అయిపోయాక మళ్లీ గుడ్డల్లో చుట్టి పెట్టెలో పెట్టేయాలి. అందరి ఇళ్లలో ఇది లేదు, మగపిల్లల్ని పెద్దగా రానిచ్చేవాళ్లు కూడా కాదు. అయినా ఇంటి ముందు గదిలో, పెద్దవాళ్లు అందరూ చూసే చోట, ఏది ఎక్కడ ఉండాలో ఒక ఎనిమిదేళ్ల పిల్ల చెప్పేది. నా ఎక్సెల్ షీట్‌లో పాప అభిప్రాయం అనే కాలమ్ లేదు.

ఇప్పుడు రూమ్ పరిస్థితి చెప్తా. పాప అక్కడ నాలుగు రాత్రులు పడుకుంది. ఐదో రోజు దిండు తీసుకుని అమ్మమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. చుక్కలు ఆరిపోయాక భయం వేస్తోందట. పగలు మాత్రం అక్కడే. తాతయ్య ట్రంకు పెట్టెని వరండాలో పడేశాం కదా, దాన్ని మళ్లీ లోపలికి తెప్పించింది. దాని మీద రెండు అట్టపెట్టెలు ఎక్కించి మూడు మెట్లు చేసుకుంది. పైన ప్లాస్టిక్ డైనోసార్, మధ్యలో నా పాత మౌస్, కింద గడ్డి అని చెప్పి పుదీనా.

పోయిన ఆదివారం అమ్మ పెన్సిల్ తీసుకుని ఆ గదిలోకి వచ్చింది. పాపని తలుపు పక్కన నిలబెట్టి తల మీద స్కేలు పెట్టింది. కానీ కడిగే పెయింట్ కదా, పెన్సిల్ జారిపోతోంది, గీత పడట్లేదు. మూడుసార్లు ట్రై చేసింది. నేను "ఉండమ్మా, మార్కర్ తెస్తా" అంటూనే ఉన్నా, గాజుకున్న పిన్నీసు తీసి గట్టిగా గీసేసింది. లప్పం తెల్లగా రాలి కింద పడింది. జిరాఫీ మోకాలికి కొంచెం పైన. 3 అడుగుల 6 అంగుళాలు. తేదీ నన్ను రాయమంది.