ఏ కాలమ్ ఎవరి కంట పడాలి? డేటాబేస్ అనుమతుల చరిత్ర



నేను డిగ్రీ చదివే రోజుల్లో మా కళాశాల నోటీసు బోర్డు మీద ఉపకార వేతనాల జాబితా అంటించేవారు. అందులో వరుస సంఖ్య, పేరు, తరగతి, చివరగా తండ్రి వార్షికాదాయం ఉండేవి. ఉపకార వేతనం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మొదటి మూడు వివరాలు చాలు. కాని అందరూ నాలుగోదే చదివేవారు, కొందరు నవ్వేవారు కూడా. జాబితాలో తమ పేరున్నా బోర్డు దగ్గరికి రాని మిత్రులు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. ఆ ఒక్క నిలువు వరుస తీసేసి అంటిస్తే సరిపోయేది. నేటి పాఠం ఆ నిలువు వరుస గురించే.

డేటాబేస్‌లో సమాచారం పట్టికలుగా ఉంటుంది. విద్యార్థుల పట్టికలో ఒక్కొక్క అడ్డు వరుస ఒక్కొక్క విద్యార్థిది. నిలువు వరుసను కాలమ్ అంటారు. ఈ పట్టికల నమూనాను 1970లో ఐ.బి.ఎం. శాన్ హోసే పరిశోధనాలయానికి చెందిన ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించారు. అనేకమంది కలిసి వాడుకునే పెద్ద డేటా నిధుల కోసం ఆయన దీనిని రూపొందించారు. కలిసి వాడుకోవడం అనగానే ఒక ప్రశ్న పుడుతుంది. ఎవరు, ఎంతవరకు?

ఒక పనికి ఎంత అధికారం అవసరమో అంతే ఇవ్వాలన్న సూత్రాన్ని 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ తమ వ్యాసంలో వివరించారు. మరుసటి సంవత్సరం ఐ.బి.ఎం. 'సిస్టమ్ ఆర్' కోసం ప్యాట్రీషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫర్డ్ వేడ్ అనుమతుల పద్ధతిని ప్రచురించారు. అనుమతి ఇవ్వడం 'గ్రాంట్', దానిని వెనక్కి తీసుకోవడం 'రివోక్'. మీరు పొందిన అనుమతిని మరొకరికి ఇచ్చారనుకోండి. మీది రద్దయితే, వేరే ఆధారం లేని పక్షంలో వారిదీ రద్దవుతుంది.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. ఆ పద్ధతిలో సమాచారాన్ని మార్చే అనుమతిని కొన్ని కాలమ్‌లకే పరిమితం చేయవచ్చు. చదివే అనుమతికి ఆ వీలు లేదు. అవసరమైన కాలమ్‌లు మాత్రమే కనిపించే 'వ్యూ' ఒకటి తయారుచేసి, దానిని చదవనివ్వాలి. కిటికీలోంచి గదిలో కొంత భాగమే కనిపించినట్లన్నమాట. 1986 నాటి మొదటి ఎస్.క్యూ.ఎల్. ప్రమాణంలోనూ ఇదే తేడా ఉంది. కాలమ్‌వారీగా చదివే అనుమతి ఆ ప్రమాణంలో చేరింది 1999లో. పోస్ట్‌గ్రెస్ 2009లో, తన 8.4 కూర్పుతో, కాలమ్ అనుమతులను అందించింది.

అంటే గ్రంథాలయ ఉద్యోగికి సంఖ్య, పేరు చదివే అనుమతి, పరీక్షల విభాగానికి మార్కులు మార్చే అనుమతి, ఉపకార వేతనాల గుమస్తాకు ఆదాయం చదివే అనుమతి వేర్వేరుగా ఇవ్వవచ్చు.

అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది: పోస్ట్‌గ్రెస్‌లో పట్టిక మొత్తానికి అనుమతి ఇచ్చాక, ఒక్క కాలమ్‌ను రద్దు చేసినా ఫలితం ఉండదు. పై అనుమతి అలాగే నిలుస్తుంది. మొదటినుంచీ అవసరమైన కాలమ్‌లకే ఇవ్వాలి.

రెండోది మరింత సూక్ష్మమైనది. ఒకరికి ఆదాయం చదివే అనుమతి లేదు, వసతి గది సంఖ్య మార్చే అనుమతి ఉంది. 'ఆదాయం లక్షకు తక్కువైతే గది మార్చు' అని ఆయన ఆదేశించారు. పన్నెండు వరుసలు మారాయని యంత్రం బదులిచ్చింది. ఆదాయాన్ని చూపకుండానే రహస్యం బయటపడింది కదా! అందుకే పోస్ట్‌గ్రెస్ షరతులో వాడిన కాలమ్‌కు కూడా చదివే అనుమతి ఉందా అని పరిశీలిస్తుంది.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. చట్టం హద్దు గీయగలదు. ఆ హద్దును పట్టికలో అమలు చేయవలసింది గ్రాంట్ ఆదేశం రాసే వ్యక్తి. రేపు ఆ వ్యక్తి మీలో ఒకరు కావచ్చు.

ఒక అభ్యాసం: మీ కళాశాల ప్రవేశ దరఖాస్తులోని వివరాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాని ఎదుట, అది ఎవరికి ఎందుకు అవసరమో రాయండి. ఎవరి పేరూ రాయలేకపోయిన వివరం కనిపిస్తే, దానిని అసలు ఎందుకు అడిగారో మీ అధ్యాపకులతో చర్చించండి.